నల్లగొండ ఎండలో ఉప్పునీటి ట్యాంకు: చిక్కంతా మంచినీటితోనే

సముద్రానికి దూరంగా ఉన్న దక్షిణ తెలంగాణలో ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం పెట్టుకోవాలనుకునేవారు ముందుగా ఉప్పు గురించి, చేపల గురించి, లైట్ల గురించి ఆలోచిస్తారు. నిజానికి ఈ మూడూ ఇప్పుడు పెద్ద సమస్యలు కావు. ఆక్వేరియం సాల్ట్ మిక్స్ హైదరాబాద్‌లో దొరుకుతుంది, చేపలు అక్కడి దుకాణాల నుంచో చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచో ఆక్సిజన్ నింపిన సంచుల్లో వస్తాయి, లైట్లు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇలాంటి ట్యాంకును దెబ్బతీసేది సముద్రానికి సంబంధించిన విషయమేదీ కాదు. రోజూ అందులో పోసే మంచినీరు, ఎండాకాలపు వేడి, చెప్పకుండా పోయే కరెంటు. ఈ మూడింటిలోనూ మొదటిదే అసలు చిక్కు, ఎందుకంటే మిగిలిన రెండింటికి వెతికే పరిష్కారాలు కూడా చివరికి నీటి దగ్గరికే వచ్చి ఆగుతాయి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. 200 లీటర్ల ట్యాంకులో ఉండే లవణాల మొత్తం ఏడు కిలోలు. ట్యాంకు నుంచి నీరు ఆవిరైనప్పుడు నీరు మాత్రమే పోతుంది, లవణాలు అందులోనే ఉండిపోతాయి. అందువల్ల తగ్గిన మట్టాన్ని ఉప్పునీటితో కాకుండా మంచినీటితోనే నింపాలి. దీన్నే టాప్-అప్ అంటారు. కొత్తగా మొదలుపెట్టినవారు తగ్గిన నీటి స్థానంలో ఉప్పునీరే పోసి, వారం తిరక్కుండానే చేపలు ఎందుకు రొప్పుతున్నాయో తెలియక తికమక పడటం సర్వసాధారణం. ఆ సంగతి తెలిసినవారు కూడా పోసే మంచినీరు ఎంత మంచిదో అడగడం మరిచిపోతారు.

పొడి ఎండలు కాసే నెలల్లో, నీటిపైకి ఫ్యాను తిప్పే 200 లీటర్ల ట్యాంకు నుంచి రోజుకు ఆరు లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. నెలకు పోసే టాప్-అప్ నీరు 180 లీటర్లు, అంటే ట్యాంకును దాదాపు మరోసారి నింపినంత. ఆ నీటిలో కరిగి ఉన్నదేదీ బయటికి పోదు కాబట్టి, టాప్-అప్ నీటిలో ఏ పదార్థం ఎంత సాంద్రతలో ఉంటే నెల తిరిగేసరికి దానిలో పదింట తొమ్మిది వంతులు ట్యాంకు నీటి సాంద్రతకు వచ్చి కలుస్తాయి. తాగునీటికి అనుమతించిన గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న బోరునీటినే తీసుకుంటే, చేపకు ఒక్క మెతుకు మేత వేయకపోయినా ట్యాంకులో నెలకు 40 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేట్ పెరుగుతుంది. సున్నితమైన జీవులున్న ట్యాంకులో ఐదు, పది దాటకుండా చూసుకోవాల్సిన పదార్థం అది. మనిషి తాగడానికి పనికొచ్చే నీరు ట్యాంకుకు పనికిరాకపోవడం వింతగా అనిపించవచ్చు గానీ, మనిషి తాగిన నీరు శరీరం నుంచి బయటికి పోతుంది, ట్యాంకులో పోసిన నీరు తన సరుకంతా దింపేసి ఆవిరవుతుంది.

ఇక్కడి భూగర్భజలం స్వభావం నేల నుంచే వచ్చింది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో అధికభాగం పురాతన గ్రానైట్, నైస్ శిలల మీద ఉంది. ఆ శిలలు శిథిలమవుతున్నప్పుడు ఫ్లోరైడ్‌తో పాటు సిలికా కూడా నీటిలోకి దిగుతుంది. నల్లగొండ పేరు చెప్పగానే మర్రిగూడ, మునుగోడు, ఫ్లోరోసిస్ గుర్తుకు రావడం సహజమే కాబట్టి ఆక్వేరియం పెట్టేవారు కూడా మొట్టమొదట ఫ్లోరైడ్‌కే భయపడతారు. ఆ భయం కొంతవరకు గురి తప్పినది. సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. మన తాగునీటి గరిష్ఠ పరిమితి 1.5. కనుక సముద్ర జీవులకు ఫ్లోరైడ్ కొత్త పదార్థమేమీ కాదు. నెలల తరబడి పేరుకుపోతే అదీ హద్దు దాటుతుందన్నది నిజమే గానీ, ట్యాంకులో కంటికి కనిపించే మొదటి ఇబ్బంది సిలికా వల్ల వస్తుంది. ఇసుక మీద, అద్దం మీద గోధుమరంగు పొరలా పరుచుకుని, తుడిచిన రెండో రోజుకే మళ్లీ కనిపించే డయాటమ్ నాచు తన కవచాన్ని కట్టుకునేది సిలికాతోనే. కొత్త ట్యాంకులన్నింటిలోనూ ఇది కొన్ని వారాలు కనిపించి తగ్గిపోతుంది. తగ్గకుండా నెలల తరబడి ఉండిపోతే తప్పు లైటుది కాదు, టాప్-అప్ నీటిదని అనుమానించాలి.

కృష్ణా తీరం వెంట దామరచర్ల, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు నేల మారుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు వెలసిన ఆ సున్నపురాతి పట్టీలో నీటిలో సున్నం, దానివల్ల వచ్చే కాఠిన్యం ఎక్కువ. సముద్ర జీవులకు కాల్షియం కావాలి గదా, ఈ నీరు మేలే గదా అన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది. కాని ట్యాంకుకు కావలసింది కాల్షియం, మెగ్నీషియం, క్షారత (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బైకార్బనేట్ల మోతాదు) ఒక నిష్పత్తిలో ఉండటం. ఒక్కటే అదుపు లేకుండా పెరిగితే హీటర్ మీద, పంపుల్లో తెల్లని పెచ్చు కడుతుంది, క్షారత ఒక్కసారిగా పడిపోతుంది.

పటికనూ సున్నాన్నీ కలిపి ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి ఈ జిల్లా పేరుతోనే, నల్లగొండ టెక్నిక్‌గా, లోకమంతటా తెలుసు. తాగునీటి కోసం రూపొందిన ఆ పద్ధతిని ఆక్వేరియానికి వాడటం సరికాదు, ఎందుకంటే పటిక నుంచి వచ్చే అల్యూమినియం అవశేషం మెత్తని శరీరం గల సముద్ర జీవులను బాధిస్తుంది. పైగా సిలికా, నైట్రేట్ సమస్యలను అది తీర్చదు. మిషన్ భగీరథ ద్వారా వచ్చే నది నీరు బోరునీటి కన్నా ఎంతో నయం. కాకపోతే అది క్లోరిన్ కలిపిన నీరు, క్లోరిన్ అటు ట్యాంకులోని మేలుచేసే బ్యాక్టీరియాను చంపుతుంది, ఇటు నీటిని శుద్ధిచేసే ఆర్‌ఓ యంత్రపు పొరను కూడా పాడుచేస్తుంది. కాబట్టి కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి.

నమ్మదగిన మార్గం ఒక్కటే: ఆర్‌ఓ తరువాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా పోనిచ్చి, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) మీటరులో సున్నా చూపించే నీటిని వాడటం. వంటింట్లోని ఆర్‌ఓ యంత్రం ఇందుకు సరిపోతుందనుకోవడం పొరపాటు. చాలా గృహ యంత్రాల్లో రుచి కోసం కొంత ముడినీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. వీధి చివరి వాటర్ ప్లాంటులో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్‌లోనూ నీటిని పూర్తిగా శుద్ధి చేసి ఇవ్వరు, తాగడానికి రుచిగా ఉండేలా ఇస్తారు. అది వారి తప్పూ కాదు. బ్యాటరీ దుకాణాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ అత్యవసరానికి పనికొస్తుంది గానీ ప్రతి క్యానునూ మీటరుతో పరీక్షించుకోవాలి. ఏసీ నుంచి కారే నీరు స్వచ్ఛమైనదేనని కొందరు పట్టి పోస్తుంటారు. ఆ నీరు రాగి, అల్యూమినియం గొట్టాల మీదుగా వస్తుంది, రాగి అతి తక్కువ మోతాదులో కూడా రొయ్యలను, నత్తలను చంపుతుంది.

ఉప్పు విషయం ఇంతకన్నా సులువు. దొడ్డుప్పు, టేబుల్ సాల్ట్ దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. సముద్ర లవణాల్లో సోడియం, క్లోరైడ్ రెండూ కలిపి 85 శాతం దాకా ఉన్నా, మిగతా భాగంలోని మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్ లేకుండా సముద్ర జీవి బతకదు. సూర్యలంక నుంచో మంగినపూడి నుంచో క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకోవాలన్న ఆలోచనలో ఖర్చు ఆదా కూడా పెద్దగా లేదు. ఒడ్డు నీటిలో నదుల మంచినీరు, బురద, కాలుష్యం కలిసి ఉంటాయి, వానాకాలంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది. సాల్ట్ మిక్స్‌ను డీఐ నీటిలో ఒక రోజు పంపుతో కలియబెట్టి, లవణత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 వద్ద సరిచూసి, దానితో కొలిచి వాడటమే మేలు.

వేడి సంగతికి వస్తే, మే నెలలో నల్లగొండలో 43, 44 డిగ్రీలు నమోదు కావడం ఎవరికీ ఆశ్చర్యం కలిగించదు. ట్యాంకుకు కావలసింది 24 నుంచి 27 డిగ్రీలు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద సముద్రపు నీరు లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలిగితే 30 డిగ్రీల వద్ద అది 6.2కు పడిపోతుంది. అదే సమయంలో చేప శరీరానికి అవసరమయ్యే ఆక్సిజన్ పెరుగుతుంది. పగడాలు మరీ సున్నితం. తమ కణజాలంలో ఉండి ఆహారం తయారుచేసి ఇచ్చే సూక్ష్మ శైవలాలను వేడికి బయటికి వెళ్లగొట్టి తెల్లబడిపోతాయి. లక్షద్వీప్ పగడపు దిబ్బల్లో 1998, 2010, 2016 సంవత్సరాల్లో జరిగింది ఇదే. అక్కడ మామూలు వేసవి ఉష్ణోగ్రత కన్నా ఒక డిగ్రీ ఎక్కువై వారాల తరబడి నిలిచినా దిబ్బలు తెల్లబడతాయి. కిటికీ పక్కన ఉన్న ట్యాంకు ఒక్క మధ్యాహ్నంలో మూడు డిగ్రీలు పెరగగలదు.

ఇక్కడ దక్షిణ తెలంగాణకు కోస్తా ఊళ్లకు లేని ఒక సౌకర్యం ఉంది. మన ఎండ పొడిది. ఒక లీటరు నీరు ఆవిరవుతూ తీసుకుపోయే వేడి 200 లీటర్ల నీటిని సుమారు మూడు డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది, బయటి నుంచి కొత్త వేడి చేరకపోతే. ఇంట్లోని కూలర్ పనిచేసే సూత్రమే ఇది. నీటి ఉపరితలం మీదికి రెండు చిన్న ఫ్యాన్లు తిప్పితే పాలమూరు ఏప్రిల్‌లో కలిగే ఫలితం, ఉక్కపోత ఉండే విశాఖపట్నంలో కలగదు. వేల రూపాయలు పోసి నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనడానికి ముందు ఫ్యాన్లను ప్రయత్నించడం వివేకం. కాని జూన్ చివర గాలిలో తేమ పెరిగినప్పుడు ఫ్యాన్ల ప్రభావం సగానికి సగం పడిపోతుంది, అప్పుడు లైట్ల సమయం తగ్గించడం, గదికి ఏసీ వేయడం లాంటి మార్గాలు చూడాలి. ఇంకో చిక్కు, ఫ్యాను ఎంత బాగా చల్లబరిస్తే అంత నీరు ఆవిరవుతుంది, అంత టాప్-అప్ కావాలి. పైన వేసిన రోజుకు ఆరు లీటర్ల లెక్క ఇందుకే. శుద్ధి లేని నీటితో ఫ్యాన్ శీతలీకరణ చేయడమంటే ఒక చేత్తో వేడి తీసేస్తూ ఇంకో చేత్తో నైట్రేట్, సిలికా పోయడమే.

ఏసీ గదిలో మరో సమస్య తలెత్తుతుంది, దాన్ని చాలామంది మందుల లోపమనుకుంటారు. తలుపులు, కిటికీలు రోజంతా మూసి ఉంచిన గదిలో మనుషుల ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, అది నీటిలో కరిగి పీహెచ్‌ను 8.2 నుంచి 7.8 వైపు లాగుతుంది. క్షారత సరిగ్గా ఉండి పీహెచ్ మాత్రమే తక్కువ చూపిస్తుంటే సీసాల్లోని రసాయనాలు పోయనక్కర్లేదు. ఉదయం, సాయంత్రం కిటికీలు తెరవడం, లేదా స్కిమ్మర్ (నురుగుతో మలినాలను తీసే పరికరం) గాలి గొట్టాన్ని గది బయటికి పెట్టడం సరిపోతుంది.

పెళ్లిళ్ల సీజనులో ఇల్లంతా తాళం వేసి మూడు రోజులు ఊరికి వెళ్లేవారు చేపల మేత గురించే ఆందోళన చెందుతారు. మేత లేకుండా ఆరోగ్యమైన చేప మూడు రోజులు హాయిగా ఉంటుంది. ఆవిరే ఆగదు: రోజుకు ఆరు లీటర్ల చొప్పున 18 లీటర్లు పోతే లవణత 35 నుంచి 38 దాటుతుంది. ఫ్లోట్ వాల్వుతో నడిచే ఆటో టాప్-అప్ దీనికి పరిష్కారం, అయితే దానికి పెట్టే నీటి డబ్బా చిన్నదిగా ఉండాలి. ఫ్లోట్ ఇరుక్కుపోయి ఇరవై లీటర్ల డబ్బా మొత్తం ట్యాంకులో ఖాళీ అయినా లవణత 32 దగ్గర ఆగుతుంది, జీవులు తట్టుకుంటాయి. నేరుగా ఆర్‌ఓ గొట్టాన్ని ట్యాంకుకు కలిపితే ఆ హద్దు ఉండదు.

కరెంటు పోయినప్పుడు మొదట ఆగేది నీటి కదలిక. చేపలు చనిపోయేది ఎక్కువగా వేడి వల్ల కాదు, ఊపిరాడక. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచి తీగలు తెగితే సరఫరా ఎప్పుడు వస్తుందో చెప్పలేని ఊళ్లలో, ఇంటి ఇన్వర్టర్ మీద ఒక్క చిన్న సర్క్యులేషన్ పంపును నడిపినా ప్రాణాలు నిలుస్తాయి. దానికి ఖర్చయ్యేది ఒక సీలింగ్ ఫ్యానుకు పట్టే విద్యుత్తు కన్నా తక్కువ. చిల్లర్‌ను ఇన్వర్టర్ మోయలేదు, లైట్లు అప్పుడు అక్కర్లేదు. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగితే అందులోని బ్యాక్టీరియా ఆక్సిజన్ అందక చనిపోతుంది, కరెంటు రాగానే ఆ కుళ్లునీరంతా ట్యాంకులోకి వస్తుంది. అందువల్ల దాన్ని ముందు విప్పి కడిగాకే తిరిగి నడపాలి. ట్యాంకు కింద సంప్ (నీటిని శుద్ధిచేసే రెండో తొట్టి) ఉన్నవారు పంపు ఆగినప్పుడు పైనుంచి ఎంత నీరు దిగుతుందో మొదటి రోజే స్విచ్ ఆపి చూసుకోవాలి. హాలులో ఉప్పునీరు పారాక చూసుకోవడం కన్నా అది మేలు.

కొత్త ట్యాంకులో బ్యాక్టీరియా స్థిరపడి, అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చడం మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇందులో దగ్గరిదారులు వెతకడం వల్లే మొదటి నెల మరణాలు ఎక్కువ. తరువాత వచ్చే నాచు సమస్యల్లో ఒక విచిత్రం ఉంది: నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైతే పచ్చని జుట్టు లాంటి నాచు పెరుగుతుంది, రెండింటినీ పూర్తిగా సున్నాకు దించితే జిగురు తీగల్లా బుడగలతో సాగే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు ఆక్రమిస్తాయి, అవి నాచు కన్నా మొండివి. ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంచడమే మంచిది, సున్నాను సాధించడం ఘనతేమీ కాదు.

పగడాల గురించి చెప్పవలసిన మొదటి మాట రసాయనశాస్త్రానిది కాదు, చట్టానిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు 2001లో చేరాయి. సముద్ర గుర్రాలు, పైప్ చేపలు కూడా అప్పుడే చేరాయి. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చిన పగడపు ముక్కను కొనడం నేరం. ట్యాంకులో బ్యాక్టీరియా నిలవడానికని ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే రాయి చాలాసార్లు పగడపు అస్థిపంజరమే కాబట్టి దానికీ ఇదే వర్తిస్తుంది. విదేశీ పగడాలైనా అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్నవే, పత్రాలు లేకుండా అమ్మేవారి మాట నమ్మి కొనడం తగదు. సిరామిక్ రాళ్లు, సిమెంటుతో చేసిన కృత్రిమ రాళ్లు బ్యాక్టీరియాకు చక్కగా ఆశ్రయమిస్తాయి. సిమెంటు రాయిని మాత్రం వారాల తరబడి నీరు మారుస్తూ నానబెట్టి, పీహెచ్ పెరగడం ఆగాకే వాడాలి. షాబాద్ బండ ముక్కలు సున్నపురాయే అయినా చిక్కటి రాయి, లోపల రంధ్రాలు లేనందువల్ల అందానికి తప్ప దేనికీ ఉపయోగపడవు.

రాతి పగడం తన అస్థిపంజరం కట్టుకునేటప్పుడు లీటరు నీటిలో ప్రతి 20 మిల్లీగ్రాముల కాల్షియంకు 2.8 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) క్షారతను వాడుకుంటుంది. డోసింగ్ పంపులు, కాల్షియం రియాక్టర్లు ఉన్నది ఆ లోటు పూడ్చడానికే. పగడాలు లేని ట్యాంకులో ఆ ఖర్చంతా వృథా. వారానికి పదో వంతు నీటిని మారిస్తే కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాముల పైన, క్షారత 7 డీకేహెచ్ పైన వాటంతట అవే నిలుస్తాయి.

చేపల్లో హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలను మించిన ఆరంభం లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో వీటి సంతానోత్పత్తి పద్ధతులను అభివృద్ధి చేసింది. ఇవి తొట్టెల్లోనే పెరిగినవి కావడంతో గుళికల మేతకు అలవాటుపడి ఉంటాయి, సముద్రంలో తమకు ఆశ్రయమిచ్చే సముద్రపుష్పం (సీ అనిమోన్) లేకుండానే జీవిస్తాయి. రాత్రంతా ప్రయాణించిన సంచిని తెరవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. మూసిన సంచిలో చేప ఊపిరి వల్ల పీహెచ్ తగ్గి ఉంటుంది, ఆ స్థితిలో అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి పీహెచ్ పెరుగుతుంది, ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. అందువల్ల విప్పిన సంచిలో గంటల కొద్దీ చుక్కచుక్కగా నీరు కలపడం మేలు చేయదు. మూసిన సంచిని ఉష్ణోగ్రత కోసం కాసేపు నీటిపై తేల్చి, ముందే సంచి నీటి లవణతకు సరిచేసి ఉంచిన క్వారంటైన్ తొట్టిలోకి చేపను మార్చాలి.

నాలుగు వారాల క్వారంటైన్ దాటవేసినవారు ఒంటిమీద తెల్లని ఉప్పురవ్వల్లా కనిపించే మెరైన్ ఇక్ అనే జబ్బును ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొంటారు. దాని పరాన్నజీవి కొంతకాలం చేప మీద, కొంతకాలం ఇసుకలో గడుపుతుంది. మచ్చలు మాయమైతే జబ్బు తగ్గినట్టు కాదు, పిల్లలు పెట్టడానికి కిందికి దిగినట్టు. రాగి మందు పనిచేస్తుంది కాని రొయ్యలు, నత్తలున్న ట్యాంకులో వేయకూడదు. చేపలన్నింటినీ వేరే తొట్టిలో చికిత్సకు ఉంచి, అసలు ట్యాంకును పది, పదకొండు వారాలు చేపలు లేకుండా వదిలేయడమే నమ్మదగిన పద్ధతి.

చివరిగా వ్యర్థజలం. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిలో బోరులోని ఫ్లోరైడ్, నైట్రేట్ ఇంకా చిక్కబడి ఉంటాయి కాబట్టి దాన్ని పశువుల తొట్టికి పంపరాదు, బండలు కడగడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. వారానికి మార్చే 20 లీటర్ల ఉప్పునీటిలో 700 గ్రాముల లవణాలు ఉంటాయి, సంవత్సరానికి 36 కిలోలు. ఆ నీటిని పెరట్లోని కరివేపాకు చెట్టుకు గాని, ఇంటి ముందరి ఇంకుడు గుంతలోకి గాని వదిలితే చెట్టు ఎండిపోతుంది, ఉప్పు గుంత గుండా అదే ఇంటి బోరు వైపు దిగుతుంది. మున్సిపాలిటీ మురుగుకాలువలోకే పోయాలి.